డాగ్‌వుడ్ ఎరుపు తగ్గకుండా
మిషిగన్, మిన్నెసోటా లాంటి చలి రాష్ట్రాల్లో ఉండేవాళ్లకి తెల్ల అంచు ఆకుల డాగ్‌వుడ్ మంచి పొద. నర్సరీలో ‘ఎలిగాంటిస్సిమా’ రకం అడగండి. ఆకులు రాలాక మంచులో ఎర్రగా మెరిసే కొమ్మలే దీని అసలు అందం.

ఆ ఎరుపు లేత కొమ్మలకే బాగా ఉంటుంది, ముదిరేకొద్దీ వెలిసిపోతుంది. కాబట్టి ఏటా చలికాలం చివర, మొగ్గలు విచ్చకముందే, మొత్తం కొమ్మల్లో మూడో వంతు దాకా, బాగా ముదిరినవాటిని నేల మట్టానికి కోసేయండి. గార్డెనర్లు కొందరు మెషిన్‌తో పైపైన గుండ్రంగా కత్తిరించేస్తారు, అది చేయనివ్వకండి. లోపల ముసలి కొమ్మలన్నీ అలాగే ఉండిపోతాయి.

మధ్యలో పూర్తి పచ్చ ఆకులతో కొమ్మ వస్తే చూసిన వెంటనే మొదలంటా తీసేయాలి. దానికి బలం ఎక్కువ, వదిలేస్తే పొదంతా పచ్చగా మారిపోతుంది.

మధ్యాహ్నపు ఎండ మరీ తీవ్రంగా ఉంటే తెల్ల అంచులు మాడతాయి. నేల తడి ఆరనివ్వకండి. నీళ్లు మాత్రం పొద మొదలు దగ్గరే పోయండి, ఆకులు తడిస్తే మచ్చలొస్తాయి.

కోసిన వాటిలో నిరుటి లేత కొమ్మలుంటే జానెడు ముక్కలు చేసి తడి మట్టిలో గుచ్చండి, చాలావరకు వేళ్లు పోస్తాయి.