సీసీ కెమెరాల కొటేషన్ చేతికొచ్చిందా? అడ్వాన్సు ఇచ్చేముందు ఇలా చదవండి

పలాసలో మా చిన్నాన్నకు చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. పోయినేడాది గోదాంలోంచి రెండు బస్తాల జీడిపిక్కలు పోయాయి. బస్తా 80 కేజీలు. సంగతి బయటపడింది నెలాఖరు లెక్కల్లో. నాలుగు కెమెరాలున్నాయి, దొంగ దొరికినట్టే అనుకుని డీవీఆర్, అంటే కెమెరాల వీడియోను డిస్క్‌లో దాచే బాక్స్, ముందు కూర్చున్నాం. అందులో 11 రోజుల ఫుటేజే ఉంది. ఎవరూ చెరపలేదు. డిస్క్ నిండాక బాక్స్ పాతదాన్ని తుడిచేసి అక్కడే కొత్తది రాసుకుంటుంది. దీన్నే ఓవర్‌రైట్ అంటారు. కొటేషన్‌లో ‘హార్డ్ డిస్క్ 1 టీబీ’ అని ఉంది. ఆ మాటకు 11 రోజులని అర్థమని మాలో ఎవరికీ తెలీదు, అమర్చినవాళ్లూ చెప్పలేదు. ఆ రోజు చిన్నాన్న మొహం చూశాక ఇది రాయాలనిపించింది.

1. ముందు వైరు సంగతి చూడండి

కొటేషన్‌లో కోయాక్సియల్ కేబుల్ (కేబుల్ టీవీ వైరు లాంటిది), దాని చివర బిగించే బీఎన్‌సీ కనెక్టర్లు ఉంటే అది డీవీఆర్ పద్ధతి. కెమెరా బొమ్మను పంపుతుంది, దాన్ని కుదించి దాచే పని బాక్స్ చేస్తుంది. క్యాట్6 కేబుల్ (కంప్యూటర్ నెట్‌వర్క్ వైరు) ఉంటే ఎన్వీఆర్ పద్ధతి. అక్కడ కెమెరాయే ఒక చిన్న కంప్యూటర్, వీడియోను తనే కుదించి నెట్‌వర్క్ మీద పంపుతుంది; దీన్ని ఐపీ కెమెరా అంటారు. పీఓఈ అని రాసి ఉంటే కరెంటు కూడా అదే వైరులో వెళ్తుంది, కాకపోతే ఒక్కో వైరు పొడవు 100 మీటర్లు దాటకూడదు. ఎక్స్‌వీఆర్ అంటే పాత రకం కెమెరాలతో పాటు కొన్ని ఐపీ కెమెరాలనూ తీసుకునే బాక్స్. నాలుగు కెమెరాల కిరాణా షాపుకు డీవీఆర్ చాలు. ఎన్వీఆర్ కోసం అప్పు చేయక్కర్లేదు.

2. ఎన్ని రోజులు ఉంటుందో మీరే లెక్క కట్టండి

కెమెరాలు ఎన్ని అన్నదానికంటే ఈ లెక్కే ముఖ్యం. ‘బిట్‌రేట్ ఎంత పెడతారు?’ అని అడగండి. అంటే ఒక్కో కెమెరా సెకనుకు ఎంత డేటా రాస్తుందని. చిన్నాన్న కెమెరాలకు 2 ఎంబీపీఎస్ పెట్టారు. ఇవి బిట్లు, 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి సెకనుకు 0.25 ఎంబీ. రోజుకు 86,400 సెకన్లు, అంటే 21.6 జీబీ. నాలుగు కెమెరాలకు 86.4 జీబీ. 1 టీబీని, అంటే 1000 జీబీని, దీంతో భాగిస్తే 11 రోజుల చిల్లర. మా నష్టమంతా ఈ నాలుగు లైన్లలోనే ఉంది. 30 రోజులు కావాలంటే సుమారు 2.6 టీబీ పడుతుంది, అందుకని ఇప్పుడు 4 టీబీ వేయించాం.

చోటు మిగలాలంటే మొదట హెచ్.264 బదులు హెచ్.265 అడగండి. ఇవి వీడియోను కుదించే పద్ధతులు. రెండోదాంట్లో అదే నాణ్యతకు దాదాపు సగం బిట్‌రేట్ సరిపోతుంది. ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది, 25 నుంచి 15కి తగ్గించినా షాపుకు ఇబ్బంది లేదు. కానీ బిట్‌రేట్‌ను స్థిరంగా అలాగే ఉంచేస్తే డిస్క్‌లో చోటేమీ మిగలదు, దాన్నీ తగ్గించాలి. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే మోషన్ పద్ధతి కూడా ఉంది. అయితే రాత్రిపూట లెన్స్ ముందు సాలెగూడు ఊగినా దానికి కదలికే, అందుకని వారానికోసారి తుడవండి.

డిస్క్ మాత్రం సర్వైలెన్స్ రకమే తీసుకోండి. రాత్రింబవళ్లు రాస్తూనే ఉండటానికి చేసింది అది.

3. ముఖం ఎక్కడ తెలియాలో చెప్పండి

కొత్త మనిషిని గుర్తుపట్టాలంటే బొమ్మలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలన్నది ఈ రంగంలో పాటించే కొలత. 2 మెగాపిక్సెల్ కెమెరాకు అడ్డంగా ఉండేవి 1920 పిక్సెళ్లు. అంటే మనిషి నిలబడే చోట అది ఏడున్నర మీటర్ల వెడల్పుకు మించి చూపిస్తుంటే ముఖం నమ్మకంగా తెలియదు. 2.8 ఎంఎం లెన్స్ ఆవరణంతా చూపిస్తుంది, గేటు దగ్గర మొహాలకు 6 ఎంఎం లాంటిది కావాలి. గుమ్మానికి ఎదురుగా పెట్టే కెమెరాకు డబ్ల్యూడీఆర్, అంటే వెలుగునూ నీడనూ ఒకే బొమ్మలో సర్దే సౌకర్యం, తప్పనిసరి. లేకపోతే బయటి ఎండకు లోపలికొచ్చే మనిషి నల్లటి నీడలా పడతాడు.

4. టైము, పాస్‌వర్డు, కరెంటు

బాక్స్‌లో ఎన్‌టీపీ ఆన్ చేయించండి, ఇంటర్నెట్ నుంచి టైము అదే సరిచేసుకుంటుంది. గంట తప్పు చూపించే ఫుటేజ్‌తో పోలీసుల దగ్గరికి వెళ్తే సగం టైము అది వివరించడానికే పోతుంది. కెమెరాలు అమర్చిన కుర్రాడి ముందు కాకుండా, అతను వెళ్లాక పాస్‌వర్డు మీరే మార్చండి. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను లోబరచుకుంది, కంపెనీ పెట్టిన పాస్‌వర్డులు మార్చకపోవడమే దానికి తలుపు తీసింది. పోర్ట్ ఫార్వార్డింగ్, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా బాక్స్ దాకా రౌటర్‌లో దారి తెరవడం, పెడతానంటే వద్దనండి. ఫోన్‌లో బొమ్మ మసగ్గా ఉంటే కంగారుపడొద్దు. ఫోన్‌కు వచ్చేది సబ్‌స్ట్రీమ్ (నాణ్యత తగ్గించిన వీడియో), డిస్క్‌లో రికార్డయ్యేది మెయిన్‌స్ట్రీమ్ (పూర్తి నాణ్యత వీడియో).

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మా వైపే తీరం దాటింది, కరెంటు లేని రాత్రులు ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. డీవీఆర్‌ను, రౌటర్‌ను, కెమెరాలకు కరెంటిచ్చే పెట్టెను ఒకే యూపీఎస్‌కు కలపండి. సముద్రపు గాలికి బీఎన్‌సీ కనెక్టర్లు చిలుము పడతాయి కాబట్టి బయట ఉన్నవాటిని డబ్బాల్లో మూయించండి.

5. డబ్బు మొత్తం ఇచ్చేముందు

రాత్రి లైట్లు ఆర్పి ఇంట్లో ఒకరిని గేటు దగ్గర నిలబెట్టండి. ఆ పది నిమిషాల ఫుటేజ్‌ను మీ చేత్తో పెన్‌డ్రైవ్‌లోకి తీసి ల్యాప్‌టాప్‌లో చూడండి. ముఖం తెలుస్తోందా, మూలన టైము సరిగ్గా ఉందా చూసుకుని, అప్పుడు మిగతాది చేతిలో పెట్టండి.