సినిమా పత్రిక ముఖచిత్రం ప్రెస్‌కు పంపే ముందు చూసుకోవాల్సినవి

హన్మకొండ బస్టాండులాంటి చోట స్టాల్లో పత్రికలు మెట్లుమెట్లుగా పేరుస్తారు, కనిపించేది పైభాగమే. పత్రిక పేరు, హీరో కళ్లు అక్కడే ఉండాలి.

– హీరో తల పేరు మీదికి రావచ్చు. కానీ పేరులోని అక్షరాల గుడి, కొమ్ము కప్పొద్దు; అవి పోతే పేరే మారిపోతుంది.

– ఫొటో అచ్చు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉందా? వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన స్టిల్ అసలు వద్దు, అది కుదించి పంపుతుంది.

– ఆర్‌జీబీని (తెర రంగులు) సీఎంవైకేకు (అచ్చు సిరా రంగులు) మార్చి చూడండి. మెరిసే ఆకుపచ్చ, నీలం చప్పబడతాయి.

– నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (కోత గీత దాటి బయటికి పొడిగించిన బొమ్మ). అక్షరాలు కోత గీతకు 5 మి.మీ. లోపలే.

– ఫాంట్లను కర్వ్స్ చేయండి (అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చండి), లేకుంటే ప్రెస్ కంప్యూటర్‌లో వత్తులు చెదురుతాయి. అచ్చుతప్పులు అంతకుముందే దిద్దాలి, తర్వాత టైపు చేసి మార్చలేరు.

– తేదీ, ధర: పోయిన సంచికవే మిగిలిపోతుంటాయి.