కాలవ గట్టు మీద రేడియోకి ఎర్త్ - నా అనుభవం
మొన్న అంతర్వేది దగ్గర కాలవ గట్టు మీద హ్యామ్ సెట్ (లైసెన్సుతో సరదాగా మాట్లాడుకునే రేడియో) పెట్టాం, కొబ్బరిచెట్టుకి 10 మీటర్ల వైరు నిలువుగా కట్టి 7 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడబోతే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత, 1కి దగ్గరైతే మంచిది) 3 దాటేసింది, మైక్ పెదాలకి తగిలితే చురుక్కుమంటోంది. ఉప్పుతడి నేలే కదా అని ఇనప రాడ్డు దిగ్గొట్టాను, ఏం మారలేదు. రాడ్డు సేఫ్టీకండీ, యాంటెన్నాకి కావాల్సిన రెండో సగాన్ని, అంటే నిలువు వైరుకి జతగా కరెంటు తిరిగొచ్చే దారిని, ఆ రాడ్డు ఒక్కటే ఇవ్వలేకపోయింది. అప్పుడు పాత కరెంటు వైరు 10 మీటర్ల ముక్కలు నాలుగు కోసి గడ్డిలో నాలుగు వైపులా పరిచి కోయాక్స్ (సెట్ నుంచి యాంటెన్నాకి వెళ్లే కేబుల్) బ్రెయిడ్‌కి, అంటే దాని బయటి అల్లిక తీగకి కలిపాను, కేబుల్ పైపొర మీదుగా రేడియో కరెంటు సెట్‌కి వెనక్కి రాకుండా కోయాక్స్‌ని ఫెరైట్ రింగుకి (అయస్కాంత గుణమున్న నల్లటి రింగు) ఎనిమిది చుట్లు తిప్పాను. ఎస్‌డబ్ల్యూఆర్ 1.5కి దిగింది, చురుకూ పోయింది, ఎంత ఆనందమేసిందో! పిడుగుల మబ్బు పడితే మాత్రం రాడ్డు ఉందిగా అని కూర్చోకండి, కోయాక్స్ పీకేసి చెట్టుకి దూరంగా వెళ్లిపోండి.