ముందే ఆదాయం అడక్కుండా ఇంటి పరిస్థితి రాసుకోవడం: విశాఖలో సర్వేకి వెళ్లేవారికి

గుమ్మంలో నిలబడి "నెలకెంత వస్తుందండీ?" అంటే ఉన్నవాళ్లుండే ఎంవీపీ కాలనీలోనైనా, మత్స్యకారులుండే పెద జాలారిపేటలోనైనా నిజం రాదు. ఉన్నవాళ్లు ఇన్‌కమ్ ట్యాక్స్ గుర్తొచ్చి తగ్గిస్తారు. లేనివాళ్లు రైస్ కార్డు పోతుందేమోనని తగ్గిస్తారు. మధ్యతరగతివాళ్లు, పక్కింటావిడ వింటుంటే, కాస్త పెంచుతారు కూడా. ఆదాయం ప్రశ్న చివరికి ఉంచి, ముందు ఖర్చు అడగండి.

కూరగాయలు, చేపలు, పాలు గడిచిన 7 రోజులకి. అద్దె, కరెంటు, రీచార్జి 30 రోజులకి. బట్టలు, ఫీజులు, ఆస్పత్రి 365 రోజులకి. అన్నీ నెల లెక్కనే అడిగితే, మొన్న పెళ్లి చేసి అప్పులపాలైన ఇల్లు కాగితం మీద షావుకారు ఇల్లవుతుంది. గ్యాస్ సంగతి "నెలకెన్ని?" అని అడగొద్దు. ఈ బండ ఎప్పుడు పెట్టారు, ముందుది ఎప్పుడు పెట్టారు అని అడగండి. అయిదుగురున్న ఇంట్లో 14.2 కిలోల బండ మూడు నెలలు వచ్చిందంటే వెనకాల కట్టెల పొయ్యి ఉందేమో చూడండి.

అసలు కథ అప్పుల్లో ఉంటుంది. "అప్పులున్నాయా?" అంటే "ఏం లేవండీ" అనేస్తారు, పరువు విషయం మరి. చేబదులు, చీటీ, డ్వాక్రా, కుదువలో ఉన్న బంగారం, కొట్లో ఖాతా అని విడివిడిగా అడగండి. "నూటికి మూడు" అంటే నెలకి. ఏడాదికి 36 శాతం. కొత్తవాళ్లు దీన్ని ఏడాదికి 3 శాతమని రాసేసి ఫారమంతా పాడుచేస్తారు. డైలీ ఫైనాన్స్‌ లెక్క ఇంకా మోసం: పదివేలు రాసుకుని తొమ్మిదివేలే చేతికిచ్చి, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే, రోజూ అసలు కూడా తీరుతూ ఉంటుంది కాబట్టి, పడే వడ్డీ ఏడాదికి సుమారు 78 శాతం. ఆ ఇంటామె రోజూ సాయంత్రం ఆ వంద కోసం ఏదో ఒకటి మానుకుంటుంది. ఏం మానుకుందో అడిగి రాయండి.

వెళ్లిన నెల తప్పకుండా రాయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకీ ఇంజన్ బిగించిన చిన్న పడవలకీ వేట నిషేధం. మే నెలలో ఫిషింగ్ హార్బర్ దగ్గరి ఇళ్లకి వెళ్తే "ముందుచూపు లేదు, పరధ్యానం" అని రాయబుద్ధేస్తుంది. రాయకండి. తమిళనాడు చెరకు రైతుల మీద 2013లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కోతకి ముందు, చేతిలో డబ్బాడనప్పుడు, బుద్ధి పరీక్షల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్న రైతులే కోతయ్యాక మెరుగ్గా చేశారు. మనుషులు వాళ్లే, మారింది చేతిలో డబ్బే. అనకాపల్లి చెరకు ఊళ్లకి వెళ్లేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. వీలైతే అదే ఇంటికి రెండు సీజన్లలో వెళ్లండి.

ఇక మీ సంగతి. అపార్ట్‌మెంట్లో "మీరు, గారు" అని, కింద వాచ్‌మన్ దగ్గర "నువ్వు" అంటే అతను మీకు కావలసిన జవాబే చెప్పి పంపించేస్తాడు. ఇద్దరికీ "మీరు" అనండి. కుర్చీ ఒక్కటే ఉంటే వాళ్లని నిలబెట్టి మీరు కూర్చోకండి. చాప మీదే కూర్చోండి. మంచినీళ్లిస్తే తాగండి. జవాబు చెప్పేటప్పుడు అత్తగారో, ఇంటి ఓనరో, అప్పిచ్చినవాడో పక్కనుంటే ఫారం అంచున ఆ మాట రాసుకుని, డబ్బు ప్రశ్నలకి మరో రోజు రండి.