గుంటూరు నుంచి విజయవాడకు డిగ్రీ కాలేజీ మారాలంటే: టీసీ ఆఖరున తీసుకోండి

డిగ్రీ మధ్యలో కాలేజీ మారాలనుకున్నవాళ్లు చాలామంది ముందు చేసే పని, ఉన్న కాలేజీకి వెళ్లి టీసీ అడగడం. దయచేసి అలా చేయకండి. టీసీ చేతికొచ్చిందంటే పాత రిజిస్టర్లో మీ పేరు కొట్టేసినట్టే. మా బంధువుల అమ్మాయికి ఇదే జరిగింది. వాళ్ల నాన్నకు విజయవాడ బదిలీ అయింది. ఒక కాలేజీలో "సీటుంది, వచ్చేయండి" అని నోటిమాటగా చెప్తే నమ్మి టీసీ తెచ్చుకుంది. తీరా వెళ్లేసరికి ఆ గ్రూపు నిండిపోయింది. ఏడాది పోయింది. ఆ పిల్ల పడ్డ టెన్షన్ చూశాకే ఇది రాస్తున్నాను.

మొదటి పని, చేరబోయే కాలేజీలో మీ గ్రూపులో, మీ సంవత్సరంలో ఖాళీ ఉందని ప్రిన్సిపాల్ సంతకంతో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవడం. తర్వాత ఉన్న కాలేజీ నుంచి మరో ఎన్‌ఓసీ. ఈ రెండూ జతచేసి, ప్రిన్సిపాల్ ద్వారా యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. సాధారణంగా చదువు సంవత్సరం మొదట్లోనే, అంటే మూడో లేదా అయిదో సెమిస్టర్ మొదలయ్యేటప్పుడు వీటిని చూస్తారు. సెమిస్టర్ సగంలో వెళ్తే అటెండెన్స్ దగ్గరే ఆగిపోతుంది.

దరఖాస్తులో కారణం సూటిగా రాయండి. నాన్నగారి బదిలీ అయితే ఆర్డర్ కాపీ, అనారోగ్యమైతే డాక్టర్ సర్టిఫికెట్ పెట్టండి. "ఇక్కడ పాఠాలు బాగా చెప్పడం లేదు" అని రాస్తే పాత కాలేజీ ఎన్‌ఓసీ ఇవ్వడానికే మొరాయిస్తుంది.

గుంటూరు, విజయవాడ మధ్య దూరం ముప్పై చిల్లర కిలోమీటర్లే కదా అనుకుంటాం. కాగితాల్లో మాత్రం అది వేరే యూనివర్సిటీ. గుంటూరు కాలేజీలు ఆచార్య నాగార్జున యూనివర్సిటీ కింద ఉంటాయి, విజయవాడవి మచిలీపట్నంలోని కృష్ణా యూనివర్సిటీ కింద. అందుకే టీసీతో పాటు నాగార్జున నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ (వేరే యూనివర్సిటీకి మారుతున్నట్టు ఇచ్చే పత్రం) కావాలి. గుంటూరులోనే ఒక అనుబంధ కాలేజీ నుంచి మరోదానికి మారితే ఆ తిప్పలుండవు.

అసలు చిక్కు సబ్జెక్టుల దగ్గర. 2023-24 నుంచి మన డిగ్రీలో ఒక మేజర్ (ప్రధాన సబ్జెక్టు), ఒక మైనర్ (అనుబంధ సబ్జెక్టు) పద్ధతి వచ్చింది. మీ మేజర్ కొత్త కాలేజీలో ఉన్నా మైనర్ లేకపోవచ్చు. ఆంధ్ర లయోలా, మారిస్ స్టెల్లా, పీబీ సిద్ధార్థ లాంటి అటానమస్ (స్వయంప్రతిపత్తి ఉన్న) కాలేజీలకు సిలబస్ విడిగా ఉంటుంది. చదివేసిన సెమిస్టర్ల సిలబస్ కాపీ, మార్కుల మెమోలు పట్టుకెళ్లి, ఏ పేపర్లు లెక్కలోకి వస్తాయో, ఏవి మళ్లీ రాయాలో డిపార్ట్‌మెంట్ వాళ్లతో కాగితం మీద రాయించుకోండి. డిజిలాకర్‌తో తెరుచుకునే 12 అంకెల ఏబీసీ ఐడీలో (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా) మీ క్రెడిట్లు, అంటే పాసైన పేపర్లకు వచ్చే పాయింట్లు, ఎక్కాయో లేదో కూడా చూసుకోండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్లలు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. రీయింబర్స్‌మెంట్ వివరాలుండే ప్రభుత్వ జ్ఞానభూమి పోర్టల్‌లో పేరు పాత కాలేజీ కింద ఉండిపోతే కొత్త చోట ఇబ్బంది. కొత్త సీటును కన్వీనర్ (ప్రభుత్వ) కోటా కింద చూపిస్తారా, మేనేజ్‌మెంట్ కోటా కిందా అని ముందే అడగండి. మేనేజ్‌మెంట్ కోటాకు రీయింబర్స్‌మెంట్ రాదు. ఈ ఒక్క మాట అడగక అప్పులపాలైన ఇళ్లున్నాయి.

ఫీజు బాకీ ఉందని కొన్ని కాలేజీలు టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఆపేస్తాయి. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 అక్టోబర్‌లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. గొడవ పడకుండా, ఆ నోటిఫికేషన్ ప్రస్తావిస్తూ ప్రిన్సిపాల్‌కు ఒక లేఖ రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తర్వాత యూనివర్సిటీకి ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ ముద్రే మీకు ఆధారం.

యూనివర్సిటీ అనుమతి పత్రం వచ్చాక లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్ నో డ్యూస్ (బాకీ లేదన్న సంతకాలు) పూర్తిచేసి, అప్పుడు టీసీ, స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. బయటకు రాకముందే పేరు, పుట్టిన తేదీ, చదివిన సెమిస్టర్లు సరిచూసుకోండి. వాటిలో ఒక్క అక్షరం తప్పున్నా మళ్లీ గుంటూరు రావాల్సిందే.