పైథాన్‌లో స్ట్రింగ్ పొడవు: లెన్ దేన్ని లెక్కపెడుతుంది?

స్ట్రింగ్‌లో (అంటే కోట్స్ మధ్య రాసే అక్షరాల వరుసలో) ఎన్ని అక్షరాలున్నాయో తెలుసుకోవడానికి కొత్తవాళ్లు ఫర్ లూప్ పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెడుతుంటారు, అంత అవసరం లేదు, లెన్ (len) అని రాసి పక్కన బ్రాకెట్లలో ఆ స్ట్రింగ్ పెడితే చాలు. పొడవెంతో పైథాన్ ముందే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి స్ట్రింగ్ ఎంత పెద్దదైనా జవాబు వెంటనే వచ్చేస్తుంది. జావా అలవాటుతో చుక్క పెట్టి లెంగ్త్ అని రాస్తే మాత్రం ఎర్రర్.

మధ్యలో ఉన్న ఖాళీలు కూడా లెక్కలోకి వస్తాయి. ఫైల్ నుంచి లైన్ చదివినప్పుడు చివర కంటికి కనిపించని న్యూలైన్ (లైన్ ముగిసిందని చెప్పే గుర్తు) ఒకటి అంటుకుని ఉంటుంది, 5 రావాల్సిన చోట 6 వచ్చేది అందుకే (దీని మీద నేనూ ఓ పూటంతా తల పట్టుకున్నాను), ముందు స్ట్రిప్ చేసి (అంటే అంచుల్లోని ఖాళీల్నీ న్యూలైన్‌నీ తీసేసి) ఆ తర్వాత లెన్ వాడండి. నంబర్‌కి నేరుగా లెన్ పనిచేయదు, దాన్ని ముందు స్ట్రింగ్‌గా మార్చాలి.

అసలు తమాషా మన భాషతోనే. "తెలుగు" అనే మాటకి మనకి కనిపించేవి 3 అక్షరాలు, లెన్ చెప్పేది 6. ఎందుకంటే అది లెక్కపెట్టేది యూనికోడ్ కోడ్ పాయింట్లని (అన్ని భాషల లిపి గుర్తులకీ యూనికోడ్ ఒక్కోదానికి ఇచ్చే నంబర్లు), అందులో త వేరు, దాని మీది ఎత్వం వేరు, ల వేరు, కొమ్ము వేరు. "అమ్మ"కి 4 వస్తుంది, ఒత్తు పుట్టించే పొల్లు గుర్తు (్) కూడా ఒకటి కదా. అదే "తెలుగు"ని యూటీఎఫ్-8లోకి (అక్షరాల్ని బైట్లుగా మార్చే పద్ధతి) ఎన్‌కోడ్ చేసి లెన్ అడిగితే 18, ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కి 3 బైట్లు పడతాయి. అందుకని తెలుగు పేర్లకి "10 అక్షరాలు దాటకూడదు" లాంటి షరతు లెన్‌తో పెట్టకండి, చిన్న పేరు కూడా దాటేస్తుంది.