పుంటికూర అని వెతికితే ఏమీ దొరకలేదు

హన్మకొండలో ఉంటూ ఒక దినపత్రిక వెబ్‌సైటుకు పనిచేస్తాను. వంటల పేజీలో సెర్చ్ బాగాలేదని తెలుసు గానీ, ఎంత అన్యాయంగా ఉందో అమ్మ ఫోన్లో పుంటికూర పప్పు వెతికిన రోజే అర్థమైంది. ఒక్కటీ రాలేదు. ‘గింత పెద్ద పేపరోళ్ల దగ్గర పుంటికూర పప్పు లేదారా కొడుకా?’ అన్నది. ఉంది, గోంగూర పేరుతో.

ఆ రాత్రే ఫలితం రాని సెర్చ్‌ల చిట్టా (లాగ్) తీశాను. ఎల్లిగడ్డ కారం, ఆలుగడ్డ, మక్క గారెలు, గిన్నప్ప. అన్నీ మన ఇండ్లల్లో మాటలే. మనసు చివుక్కుమంది.

పర్యాయపదాల పట్టిక కట్టాను. ఎల్లిగడ్డకు వెల్లుల్లి, మక్కలకు మొక్కజొన్న, సర్వపిండికి గిన్నప్ప, తపాల చెక్క. ఇది గుడ్డిగా చేసే పని కాదు. ఆనపకాయ అంటే సొరకాయ, అనపగింజలు చిక్కుడు జాతివి. రెంటినీ కలిపితే కూరే మారిపోతుంది. అందుకే ప్రతి మాటా అమ్మనడిగే చేర్చాను.

ఇంకో చిక్కు కంటికి కనబడనిది. ‘కుక్కర్‌లో’ అని రాసేటప్పుడు మధ్యలో పక్కపక్క అక్షరాలను కలవనీయని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం, యూనికోడ్‌లో 200సి, దాక్కుంటుంది. పాఠకులు ‘కుక్కర్లో’ అని కొడితే రెండూ కలవవు. సెర్చ్ చూసే మాటల జాబితా అయిన ఇండెక్స్‌లోనూ, వెతికే మాటలోనూ దాన్ని తీసేశాను.

తర్వాత దినుసులను వేరే ఫీల్డులో, అంటే విడి గడిలో పెట్టి, ఫలితాల వరుసలో వంట పేరుకు ఎక్కువ బరువిచ్చాను. అప్పటిదాకా సకినాలు అని కొడితే సంక్రాంతి వార్తలే పైన వచ్చేవి. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్ల సంగతి ఇంకా మిగిలే ఉంది, ఈ నెల దాని మీదే కూర్చున్నాను.